కుడివైపు పై మూలలో ఇరీనా

పోయిన నెల కర్నూలులో కంటి ఆసుపత్రికి వెళ్తే, కళ్ళల్లో చుక్కలు వేసి, గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. మన వయసువాళ్ళకు ఆసుపత్రి బల్లల మీద కూర్చోవడం కొత్తేమీ కాదు కాబట్టి, కొంగు ముఖం మీదికి లాక్కుని నా మానాన నేను కూర్చున్నాను. పక్కన ఒక అమ్మాయి, వాళ్ళమ్మను చూపించడానికి వచ్చిందట, ఫోనులో ఏదో నొక్కుకుంటూ తనలో తాను గొణుక్కుంటూ ఉంది. కాసేపటికి, ఇంక అడగడానికి ఎవరూ దొరక్క, "అవ్వా, రష్యాలో ఆడోళ్ళకు మామూలుగా పెట్టే పేరంట, ఇ తో మొదలంట, మూడు గళ్ళు. నీకేమన్నా తెలుసునా?" అని అడిగింది.

నేను కళ్ళు తెరవకుండానే ఇరీనా అన్నాను. ఆ పిల్ల నొక్కింది, ఫోను టింగుమంది, సరిపోయింది. "యాడ నేర్చుకున్నావవ్వా?" అని ఆశ్చర్యపోతే, మా ఇంట్లో మనిషేలేమ్మా అని చెప్పి ఊరుకున్నాను. ఆమె నవ్వింది కానీ నేను అన్నది అబద్ధమేమీ కాదు.

మా వారికి కర్నూలు వన్‌టౌన్‌లో ఇనుప సామాన్ల అంగడి ఉండేది. మేకులు, బందులు, గొళ్ళేలు, తాళాలు అమ్మే మనిషికి గళ్ళ నుడికట్టు పిచ్చి ఎక్కడినుంచి పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఊరినుంచి గురువారం గురువారం ఒక చిన్న వారపత్రిక వచ్చేది. మంత్రాలయం వెళ్ళే బస్సుల వేళలు, పప్పుధాన్యాల ధరలు, ఎవరో ఒకరి సన్మానం ఫోటో, చివరి పేజీలో మా వారి నుడికట్టు, దాని కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు. ఆ పేరు తప్ప ఆయనకు వాళ్ళు ఇచ్చేదేమీ లేదు, ఆయన అడిగిందీ లేదు. గురువారం పొద్దున అంగడి తెరవకముందే ఆ పేజీ చూసుకుని, జేబులో మడిచి పెట్టుకునేవారు.

నుడికట్టును ఆయన మేకులు పొట్లం కట్టే కాగితం మీద, వడ్రంగులు వాడే బద్ద పెన్సిలుతో కట్టేవారు. ఒకసారి సగం కట్టిన కాగితంలోనే ఎవరికో మేకులు పొట్లం కట్టి ఇచ్చేసి, రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. మూడో రోజు ఆ వడ్రంగి తిరిగి వచ్చి, "ఏమప్పా, ఇదేందో ముగ్గు మాదిరి ఉండాది, పారేయబుద్ధి కాలేదు" అని ఆ కాగితం చేతిలో పెట్టిపోయాడు. మా వారి దస్తూరి ఆయనకే అర్థమయ్యేది కాదు కాబట్టి సాపు రాయడం నా వంతు. నేను పెళ్ళికి ముందు తెలుగు చదువుకున్నదాన్ని, దస్తూరి గుండ్రంగా ఉంటుంది, ఆ గర్వం కూడా కాస్త ఉండేది.

ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. అందరూ పైనుంచి కిందికి వస్తే, ఈయన కింది వరుసలో ఒక పెద్ద మాట వేసి, ఇల్లు కట్టినట్టు పైకి కట్టుకుంటూ పోయేవారు. అందువల్ల ఎప్పుడూ చివరికి కుడివైపు పై మూల మిగిలిపోయేది. అక్కడ ఇసుకో ఇటుకో ఒక నిలువు, నాగలో నాపరాయో ఇంకో నిలువు దింపి, ఆ రెండిటి తలల మీద అడ్డంగా ఇరీనాను కూర్చోబెట్టేవారు. ఆధారం కూడా మారేది కాదు: "రష్యాలో స్త్రీల పేరు". మన కాలేజీ రోజుల్లో ఊళ్ళోకి వ్యానులో వచ్చే సోవియట్ పుస్తకాలు మీలో చాలామంది కొనే ఉంటారు. నున్నటి కాగితం, మంచి అట్ట, అణా కానీ ధర. వాటిలో ఎక్కడో ఈ పేరు ఆయనకు తగులుకుంది. ఆ దేశం పోయింది, ఆ వ్యాను పోయింది, ఆ పేరు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

నాకు అది చేతగానితనంగా కనిపించేది. ఇన్ని మాటలున్న తెలుగులో ఆ మూల నింపడానికి రష్యానుంచి మనిషిని తేవాలా అని దెప్పేదాన్ని. ఈ వారం కూడా మీ ఆవిడ వచ్చిందా అంటే, ఆమె రాకపోతే ఇంటికి కప్పు పడదు అనేవారు ఆయన. నెలలో మూడు వారాలు వచ్చేది. నేను సాపు రాస్తూ సవతి పేరు రాసినట్టు ముఖం ముడుచుకునేదాన్ని, ఆయన నా ముఖం చూసి నవ్వుకునేవారు, అంతటితో ఆ వారం పని అయిపోయేది.

ఒక ఎండాకాలం శనివారం, అంగడిలో తాళం చెవి అందిస్తూ మా వారు ఒక పక్కకు ఒరిగిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పడిపోయాయి. పెద్దాసుపత్రిలో ఉంచుకుని, ప్రాణానికి భయం లేదని ఇంటికి పంపేశారు. మనం చెప్పేది ఆయనకు తెలుస్తుందా అని అడిగితే, డాక్టరు, చెప్పలేమమ్మా, కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు, చూస్తూ ఉండండి అన్నాడు. నేను చూస్తూ ఉన్నాను. ఆ రోజుల్లో నాకు ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. స్నానం చేయించాను, గంజి తాగించాను, పక్క బట్టలు మార్చాను, ఏ పని చేస్తున్నా ఒళ్ళంతా తిమ్మిరి ఎక్కినట్టే ఉండేది.

అంగడి మా మరిది చూసుకున్నాడు. నుడికట్టు సంగతి అతడే తెచ్చాడు. పత్రిక పెద్దాయన, రెండు వారాలు ఖాళీ వస్తే ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వవలసి వస్తుంది, ఏమీ అనుకోవద్దు అన్నాడట. అంత పోగొట్టుకున్న మనిషికి ఆ నాలుగు వేళ్ళ చోటు కూడా లేకుండా పోతుందే అనిపించింది. దస్తూరి ఎలాగూ నాదే కాబట్టి నేనే కట్టి, ఆయన పేరు పెట్టి పంపాను. ఎవరికీ అనుమానం రాలేదు.

గురువారం పేజీ రాగానే ఆయన కళ్ళ ముందు పట్టుకుని చూపించాను. తన పేరు చూస్తే ఏ మూలో ఒక కదలిక వస్తుందని, ఆ ఒక్క కదలిక కనిపిస్తే మనిషి లోపల ఉన్నట్టేనని నా ఆశ. ఆయన కాసేపు చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. రెండో వారం అంతే. మూడో వారం ఇంకా కష్టపడి, ఎక్కడా పేలవమైన మాట లేకుండా, చదువుకున్నవాళ్ళు మెచ్చుకునేలా కట్టాను. దాన్నీ చూసి గోడవైపు తిరిగారు. నాలుగో వారానికి నేను ఆశ వదులుకున్నాను.

ఆ నాలుగో వారమే రాజంపేటనుంచి మా అక్క ఫోను చేసింది. ఫోను ఆయన మంచం తలాపునే ఉండేది. ఎట్ల ఉండాడు అని అక్క అడిగితే, నేను ఆయనవైపు చూస్తూనే చెప్పాను: "మనిషి పొయ్యినట్టేక్కా. ఊపిరొకటి ఉండాది, అంతే. మనం చెప్పేది ఏమీ తెలీదు. ఇట్ల ఎన్నాళ్ళో ఏమో, తొందరగా పోతేనే ఆయప్పకు మేలు, నాకూ మేలు." ఇంతే అన్నాను. అన్నం ఉడికిందా అని అడిగితే ఉడికింది అని చెప్పినంత మామూలుగా అన్నాను. అక్క అటువైపు ఏడ్చింది, నేను ఫోను పెట్టేసి చారు కాచడానికి పోయాను.

ఆరు వారాలు నిండాక పత్రిక ద్వారా అంగడికి ఒక పోస్టుకార్డు వచ్చిందని మరిది తెచ్చి ఇచ్చాడు. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసే ఒకాయన రాసింది, ఎవరో మాకు తెలియదు. అందులో ఉన్నది నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "అయ్యా, మేము ఈడ నలుగురం కూడి మీ నుడికట్టు నింపుతాము. ఆరు వారాలుగా మీ ఇరీనా రాలేదు. ఇది మీరు కట్టింది కాదని మాకు తెలుస్తాండాది. కట్టినోళ్ళు శానా చదువుకున్నోళ్ళే, తప్పు పట్టేదానికి ఏమీ లేదు. అయినా మీకు ఒళ్ళు బాగుండాదా లేదా అని ఒక్క ముక్క రాయండి." చేతగానితనమని నేను ఏరి పారేసింది ఆయన గుర్తు అని, పక్క జిల్లాలో ఎక్కడో గనిలో మనుషులకు తెలిసింది, ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు తెలియలేదు.

ఆ వారం కిందినుంచి పైకి కట్టాను. ఒక నిలువు ఇటుక, ఒక నిలువు నాపరాయి, వాటి మీద మూడు ఖాళీ గళ్ళు, ఆధారం ఆయన రాసే మాటల్లోనే. గురువారం పేజీ తెచ్చి చూపించాను. ఆయన కళ్ళు నేరుగా కుడివైపు పై మూలకు పోయాయి. అక్కడినుంచి ఆధారాలకు దిగి, మళ్ళీ పైకి వచ్చాయి. ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. చూపుడు వేలు మొదటి గడి మీద పెట్టారు, తర్వాత రెండో దాని మీద, తర్వాత మూడో దాని మీద. సగం నోటితో నవ్వి నా ముఖంవైపు చూశారు, నేను ముడుచుకున్నానేమోనని.

మరిది సంతోషంతో వీధిలోకి పరిగెత్తాడు. నాకు మాత్రం సంతోషం ఎందుకు రాలేదో వెంటనే తెలియలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ ఉంటే తెలిసింది. ఆయనకు ఇప్పుడు తెలిసిందంటే ఆరు వారాలనుంచీ తెలుస్తూనే ఉంది. నేను చేసింది తనది కాదని తెలిసే గోడవైపు తిరిగారు. అక్కతో నేను అన్నది కూడా, ఆ తలాపున పడుకుని, మొత్తం విన్నారు. కొళాయి కట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

నోటితో చెప్పుకోవచ్చు కదా అంటారు మీరు. చెప్పాలంటే ముందు ఆ మాట మళ్ళీ ఎత్తాలి. పైగా మన తరంలో మొగుడూ పెళ్ళాలు అలాంటి మాటలు ముఖాముఖి ఎప్పుడు చెప్పుకున్నారు గనక? కోపమొస్తే రెండు పూటలు మాట్లాడుకోకపోవడం, తర్వాత మజ్జిగ గ్లాసు దగ్గర పెట్టడం, అంతటితో సరి. ఆయన దగ్గర గ్లాసు పెట్టినా నేనే తాగించాలి. పక్కన కూర్చుని మూడు నాలుగు సార్లు నోరు తెరిచి, కాఫీ తాగుతారా అని అడిగి లేచిపోయాను.

అందుకే తర్వాతి వారం నుడికట్టులో చెప్పాను. ఆయన కళ్ళు ముందు ఎక్కడికి పోతాయో ఇప్పుడు తెలుసు కాబట్టి, కుడివైపు పై మూలలో ఇరీనాను తీసి, ఒక నిలువు మడక, ఒక నిలువు చుక్క దింపి, ఆ రెండిటి తలల మీద "మన్నించు" అన్న మూడు గళ్ళు పెట్టాను. "కోపం పెట్టుకోవద్దని వేడుకోవడం" అని ఆధారం రాశాను. పంపిన తర్వాత పత్రిక పెద్దాయన ఏమనుకుంటాడో, మంగంపేట వాళ్ళు ఏమనుకుంటారో అని కూడా తోచలేదు. ఆ గురువారం పేజీ తెచ్చి ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను.

ఆయన ఆ మూలకు చూశారు. ఆధారాలు చదివారు, కళ్ళు వరుస వెంట కదలడం నేను చూశాను. వేలు ఎత్తి మొదటి గడి మీద పెట్టారు. రెండో దానికి పోలేదు. అట్లాగే వేలు ఉంచి నన్ను చాలాసేపు చూశారు. ఇరీనా ఏదని అడుగుతున్నారో, మాట దొరికిందని చెబుతున్నారో, దొరికినా నింపనని అంటున్నారో నాకు బోధపడలేదు. తర్వాత అలిసిపోయి కళ్ళు మూసుకున్నారు. గోడవైపు మాత్రం తిరగలేదు. జవాబులు ఎప్పటిలాగే పై వారం పత్రికలో వస్తాయి. అప్పుడు చూపిస్తే తెలిసిపోతుందిలే అనుకున్నాను.

సోమవారం పొద్దున, ముఖం తుడుస్తుండగా, ఆయన పోయారు.

గురువారం ఇల్లంతా జనం. మరిది అలవాటు కొద్దీ పత్రిక తెచ్చి గూట్లో పెట్టాడు. నేను విప్పలేదు. కొన్నేళ్ళకు కర్నూలును ముంచిన వరదలో ఆ పత్రికలు, మంగంపేట కార్డు, పెన్సిలు గళ్ళ కాగితాలు అన్నీ ముద్దయి పోయాయి. ఆ కార్డుకు జవాబు కూడా నేను రాయలేదు. వాళ్ళు ఆ మూల ఎట్లా నింపుకున్నారో, ఏమని మాట్లాడుకున్నారో.

ఆసుపత్రిలో ఆ అమ్మాయి ఫోను ఇంకోసారి టింగుమంది. తప్పు నొక్కితే గడి అప్పుడే ఎర్రబడుతుందట, తెలియకపోతే ఒక మూల నొక్కితే జవాబు అదే చూపిస్తుందట, ఇదంతా నాకు చెప్పింది. వారం రోజులు ఆగడమంటే ఏమిటో ఆ పిల్లకు చెప్పినా అర్థం కాదు, అర్థం కావలసిన అవసరమూ లేదు. నర్సు వచ్చి కళ్ళు తెరవమంటే తెరిచాను. ఎదురుగా అన్నీ మసకగా ఉన్నాయి, చుక్కల వల్లేనని, సాయంత్రానికి సర్దుకుంటుందని చెప్పింది. సరేనమ్మా అన్నాను. పక్కన ఆ అమ్మాయి ఫోనులో అన్ని గళ్ళూ నిండిపోయినట్టున్నాయి, పాట వినిపించింది. మా వారు ఒక్క వేలు పెట్టి వదిలేసిన ఆ మూడు గళ్ళు మాత్రం, ఇన్నేళ్ళయినా, నాకు ఖాళీగానే ఉన్నాయి.