నికెల్ పక్షాన మా అవ్వ

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, నేను. కూర్చుని లెక్కలు కట్టే మనిషికి అప్పట్లో అదే ఉద్యోగం పేరు. కర్నూలులో లోహాల మీద పరిశోధన చేసే ఒక సారు దగ్గర మూడు నెలలకు తాత్కాలికంగా చేరాను. పని బాగుంటే ఖాయం చేస్తానన్నారు. లేకుంటే కడపలో మా మామ నాపరాళ్ల కొట్టు నా కోసం నోరు తెరుచుకుని ఉంది. (మామ కూడా.)

సారు సమస్య ఇది: నికెల్‌లో కాస్త అల్యూమినియం కలిపిన లోహం ముక్కలు రెండు అతికితే, ఆ అతుకు దగ్గర ఏ పరమాణువులు ఎక్కువ చేరతాయి? కంటికి కనపడవు కనుక ఆటలా ఆడి చూడమన్నారు. మా వసారాలో బండల మీద సుద్దతో గళ్లు గీసి, నడుమ అతుకుగా ఒక గీత పెట్టి, నికెల్‌కు శనక్కాయ గింజలు, అల్యూమినియానికి చింతగింజలు కలగలిపి పరిచాను. పక్కపక్కనున్న ఒక్కో జంటకూ నాలుగు గవ్వలు వెయ్యాలి. అన్నీ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. నాలుగో ఎనిమిదో పడితే రెండూ చోట్లు మార్చుకుంటాయి, లేకుంటే ఉన్నచోటే ఉంటాయి. అలా కొన్ని వేల సార్లు! రెండో రోజుకే నా చెయ్యి పడిపోయింది. (నికెల్ కూడా తరిగింది; ఆకలేస్తే ఏం చెయ్యను?) గవ్వలాటలో, అదే బారాకట్టలో, మా వీధినంతా ఓడించిన అవ్వను సాయం పిలిచాను. ఆమె గవ్వలు చేతిలోకి తీసుకుని ఆగింది.

"నేను యెవురి పక్షమప్పా?"

"ఎవరి పక్షమూ లేదవ్వా. ఊరికే వెయ్యి."

"పక్షం లేకుండా గవ్వలు యెవురన్నా యేస్తారా? పిచ్చోళ్లు కూడా యెయ్యరు."

లేచి వెళ్లిపోతుందేమోనని, "సరే, నికెల్ పక్షం. శనక్కాయలు గీత దగ్గరికి చేరితే నువ్వు గెలిచినట్టు" అన్నాను. తెలివి!

మూడు వారాల్లో శనక్కాయలు గీత పొడవునా బారులు తీరాయి. నేను కాగితం మీద గీసిచ్చిన ఆ పటం చూసి సారు మురిసిపోయారు. మద్రాసు సభకు వ్యాసం రాసేశారు, నా ఉద్యోగం కాగితం టైపు చేయించారు. సంతకం పెట్టే ముందు, ఆ పద్ధతి ఒకసారి కళ్లారా చూస్తానని మా ఇంటికొచ్చారు. నా ఖర్మ.

"వెయ్యండి పెద్దమ్మా" అన్నారు.

"ఏం పడల్ల నాయనా?" అంది అవ్వ.

"ఏదైనా పడనివ్వండి."

"యేదైనా అంటే యెట్లా? ఎనిమిది పడితే మా శనక్కాయ గీత మీదికొస్తాది." వేసింది. ఎనిమిది. "దీన్ని కదిలిస్తే చింతగింజ దూరతాది, వద్దు." వేసింది. రెండు. పదిసార్లు వేస్తే పదిసార్లూ అడిగినట్టే పడ్డాయి.

సారు నా వైపు తిరిగారు. "మొత్తం ఈమేనా వేసింది?" సగం నేనే వేశానన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే అవ్వ, గెలిచిన ముఖంతో నన్నే చూస్తోంది. "మొత్తం అవ్వే సార్" అన్నాను. సారు వ్యాసాన్ని నిలువునా చించేశారు. "మూడు వారాలు గెలిపిస్తి కదప్పా, ఈయనకేం వచ్చిండాది?" అని అవ్వ తెల్లబోయింది. నా కాగితం మాత్రం ఆయన చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. "మళ్లీ మొదటినుంచి వెయ్యి. నువ్వే. ఎవరి పక్షమూ వద్దు" అన్నారు. రెండు నెలలు వేశాను. వచ్చిన పటంలో ఏ బారులూ లేవు, సంత కూడినట్టు అంతా కలగాపులగం. సారు దాన్ని చూశాకే నా కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడా పని నిజమైన యంత్రాలే చేస్తున్నాయి. కుర్రవాళ్లు ముచ్చటైన పటాలు తెచ్చి చూపిస్తే, మెచ్చుకునే ముందు, "గవ్వలు వేసిందెవరయ్యా?" అంటాను. ముసలాయనకు మతి తప్పిందని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. అవ్వే ఉంటే ఆ యంత్రం ముందు చతికిలబడి సూటిగా అడిగేది: "నువ్వు యెవురి పక్షమప్పా?"