ఒక్కపొద్దు పట్టిన హేతువాది

అలిపిరి బస్టాపులో పక్కనున్న పెద్దాయన బీడీ ముట్టించగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. మునిరత్నం సార్ గుర్తొచ్చారు.

చిత్తూరు దగ్గర మా హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవారు. సాయంత్రాలు మా చేత వాదనలు చేయించేవారు. ఒకసారి నేను బాల్యవివాహాల మీద నిప్పులు కురిపించి కూర్చున్నాను. "మీ అవ్వకు ఎన్నేండ్లకు పెండ్లయింది?" అన్నారు. పదేళ్ళకని గొణిగాను. "అది ముందే చెప్పల్ల. ఎదుటోడు చెప్తే నీ మీదికొచ్చే రాయి. నువ్వే చెప్తే నీ చేతిలో రాయి."

దేవుణ్ణి నమ్మని అటువంటి మనిషి రిటైరయ్యాక శనివారం ఒక్కపొద్దులు మొదలుపెట్టారు. జీవితమంతా ఉపవాసాలను ఎగతాళి చేసిన మొగుడు మారాడని భార్య సుగుణమ్మ మురిసిపోయింది. ఒక్కపొద్దులు సోమవారానికీ, గురువారానికీ పాకాయి. గొంతు బొంగురుపోయింది, చొక్కాలు వదులయ్యాయి. చివరకు తిరుపతి ఆసుపత్రిలో గొంతు కేన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలి.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ ఎదుట ఆయనతో పాటు సుగుణమ్మా, తోడు వెళ్ళిన నేనూ కూర్చున్నాం.

"బీడీ మానేసి ఎన్నాళ్ళయింది?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లా?" సుగుణమ్మ లేచింది. "పొద్దున దొడ్లో పొగ లేసిందే, ఆడ పొయ్యి గూడా లేదు!"

సార్ గోడవైపు చూశారు. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా పరువు! నాకు ఒళ్ళు మండింది. "సార్, మన లోపం ముందు మనమే చెప్పాలంటిరి గదా?"

ఆయన బొంగురుగా నవ్వారు. "రాసుకోమ్మా డాక్టరమ్మా. రోజుకో కట్ట బీడీలు. సక్కెర జబ్బు మాత్రలు గుర్తొస్తేనే మింగేది. తిండి మూణ్ణెల్లుగా మింగలేక పోతా ఉండా. ఒక్కపొద్దని అబద్ధం చెప్పినాను."

"అంటే భక్తి గాదా?" సుగుణమ్మ నోరు తెరిచింది. "నీ కోసరం టెంకాయ గూడా కొడితినే!"

డాక్టరమ్మ నవ్వాపుకుని విప్పి చెప్పింది. పొగ, అదుపులేని సుగర్, ఒంట్లో సత్తువ లేకపోవడం: ఈ మూడూ గాయాన్ని మాననివ్వవు. లోపలి కుట్లు విడిపోతే లాలాజలం మెడలోంచి కారుతుంది. కొద్ది రోజులు ఆగి వీటిని సరిచేసుకుంటే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అలా నిజం చెప్పే మనుషులంటే నాకు ప్రాణం.

బీడీలు ఆగాయి, ఇన్సులిన్ మొదలైంది. ముక్కులో గొట్టం పెట్టి పాలూ జావా పోశారు. ఆపరేషన్ జరిగింది. తర్వాత ఒకనాడు మింగి చూడమని రంగునీళ్ళు ఇచ్చారు. మేమందరం ఆయన మెడకేసి కళ్ళార్పకుండా చూశాం. ఒక్క చుక్క బయటికి రాలేదు. సుగుణమ్మ ఏడుస్తూ నవ్వింది. సార్ పలక తీసుకుని రాశారు: "ఒక్కపొద్దు అయిపోయింది. స్వామికి సంబంధం లేదు. గొట్టానికి దండం పెట్టు."

"రెండింటికీ పెడతాలేయ్యా, నీకేం నొప్పి?" అంది ఆమె.

సార్ ఇచ్చిన ఆ పలక ఇప్పుడు నా దగ్గరుంది. పత్రికకు వ్యాసం మొదలుపెట్టే ముందు, నాకు ఎదురుతిరిగే నిజాన్ని దాని మీద మొదట రాస్తాను. అది నన్ను ఓడించేలా ఉంటే, కాగితం తీయను.