దవడలో కాసిన లివర్

కరోనా వెళ్ళిపోయిన మరుసటి ఏడు, మామిడి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. నూజివీడులో పన్ను డాక్టరమ్మ గారి క్లినిక్‌లో అప్పటికి పదహారేళ్ళుగా నేను ఆయాని. చదివింది మూడో తరగతి. సామాన్లు ఉడకబెట్టడం, గది తుడవడం, ఆవిడ పని చేస్తుంటే రోగి బుగ్గ పక్కకి లాగి సక్షన్ పట్టుకోవడం నా పని. సక్షన్ అంటే నోట్లో ఊరే ఉమ్మినీ రక్తాన్నీ లాగేసే పైపు. ఎన్ని నోళ్ళు చూశానో లెక్క లేదు గానీ, కోటయ్య నోరు మాత్రం మరిచిపోలేను.

కోటయ్యది చాట్రాయి దగ్గర పల్లె. మామిడి అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. నాటు మొక్కకి మంచి రకం పుల్ల చెక్కి ఆనించి, ప్లాస్టిక్ పట్టీ ఒక కొస పళ్ళతో బిగబట్టి, రెండో కొస చేత్తో చుట్టేస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఎడమవైపు కింది చిగురు మీద ఉసిరికాయంత వాపు. ఆ రోజు డాక్టరమ్మ ఊళ్ళో లేరు. గుమ్మంలోనే చూసి నేనే చెప్పేశాను, సొన పడి పొక్కిందని, కొబ్బరినూనె రాసుకోమని. మామిడి సొన తగిలితే నోరు పొక్కడం ఈ వైపు పిల్లలకి కూడా తెలుసు. ఆయనా అదే అనుకున్నాడు. నా మాట పట్టుకుని నెల రోజులు ఊరుకున్నాడు.

మళ్ళీ వచ్చేసరికి వాపు నిమ్మకాయంత అయింది. పక్క పన్ను ఊగుతోంది. వెంట భార్య నాగమణి ఉంది. వానలు పడ్డాయి, అంట్లు కట్టే కాలం మొదలైంది, ఈ నొప్పితో పట్టీ పట్టలేకపోతున్నాడు. ఆయనకున్న బెంగ అదొక్కటే.

"పీకెయ్యండమ్మా. ఎల్లుండి నుంచి అంట్లు కట్టాలి."

ఈ ఉద్యోగానికి ముందు నాదీ అంట్ల పనేనని నేను నవ్వించబోయాను.

"నువ్వు తోమావు, నేను కడతాను. ఎవరిది గొప్పో పన్ను పీకాక తేల్చుకుందాం" అన్నాడు సగం నోటితో.

నోరు నొప్పంటాడు గానీ మాట మాత్రం ఆగదని నాగమణి దెప్పింది.

ఎక్స్‌రేలో ఎముకని ఏదో తినేసినట్టుంది. చీముగడ్డ కావచ్చని డాక్టరమ్మ మత్తు సూది అందుకున్నారు. నేను బుగ్గ లాగి పట్టుకున్నాను. నా వేలు ఆ వాపుకి ఆనింది. అది కొట్టుకుంటోంది. గుప్పిట్లో పట్టిన కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. నా వేలి నాడేమోనని తీసి మళ్ళీ పెట్టాను.

"డాక్టరమ్మా, ఇది కొట్టుకుంటోందండీ."

ఆవిడ తన వేలు ఆనించి చూశారు. సూది ట్రేలో పెట్టేశారు. ఇది పన్ను వాపు కాదని, లోపలంతా రక్తనాళాలేనని, ఇప్పుడు పీకితే ఈ కుర్చీలోనే రక్తం ఆగకుండా పోతుందని మెల్లగా చెప్పి, విజయవాడ పంపారు. అక్కడ రక్తం ఆపే ఏర్పాట్లన్నీ చేసుకుని బయాప్సీ చేశారు. అంటే చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం.

పది రోజులకి ఆ కాగితాలు పట్టుకుని, తెలిసినావిడ నోట వినాలని ఇద్దరూ మా దగ్గరికే వచ్చారు. డాక్టరమ్మ రెండుసార్లు చదివారు. క్యాన్సరని, అది పుట్టింది దవడలో కాదు, లివర్‌లో అని చెప్పారు. కోటయ్యకి కడుపునొప్పి లేదు, మందు ముట్టడు. కామెర్ల వైరస్ ఒకటి ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండి దీన్ని తెచ్చిందట. లివర్ క్యాన్సర్ పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకో ఎముకలకో పోతుందట. ఎక్కడో ఒకరికి పుర్రె మీద, కంటి గుంటలో, ఇలా చిగురులో తేలుతుందట. పుస్తకంలో చదవడమే గానీ, చూడటం తనకిదే మొదలన్నారు.

"ఇవి లివర్ కణాలు కోటయ్యా. దవడలో కూర్చుని కూడా పైత్యరసం తయారు చేస్తున్నాయి."

కోటయ్య చాలాసేపు బుగ్గ మీద చెయ్యి తీయలేదు.

"చిన్న రసం మామిడి పుల్ల ఏ మొక్కకి కట్టినా చిన్న రసాలే కాసిద్ది. ఇదీ అంతేనా అమ్మా?"

"అంతే."

"ఎవరు కట్టారో గానీ, అంటు బాగా పట్టింది."

నాగమణి అప్పుడు ఏడ్చింది. నేనూ ఆగలేక, సొన అని చెప్పి నెల పోగొట్టానని ఒప్పుకున్నాను.

"ముప్పై ఏళ్ళు సొనలో బతికినోణ్ణి, నాకే తెలవలా. నీకేం తెలిసిద్ది లేమ్మా" అన్నాడు.

దవడకి కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు. నొప్పి తగ్గింది. ఆ వానాకాలం అంట్లు కట్టాడు. పట్టీ కొస నాగమణి తన పళ్ళతో పట్టుకుంటే, చుట్టింది ఆయన. మామిడి పూత రాకముందే పోయాడు.

అప్పట్నుంచీ గుమ్మంలో ఎవరి జబ్బుకీ నేను పేరు పెట్టను. లోపలికి రమ్మంటాను. బుగ్గ లాగి, వాపు మీద వేలు ఆనించి కాస్త ఆగుతాను. మళ్ళీ ఏదీ అలా కొట్టుకోలేదు. అయినా డాక్టరమ్మ సూది పట్టుకుని నా మొహం వంక చూస్తారు. కొట్టుకోవడం లేదని నేను తల అడ్డంగా ఊపాకే గుచ్చుతారు.