ఏలూరు సోడా నీళ్లలో అమ్మ మేజోడు

మా అమ్మ ఎడమకాలికి బోదకాలు. రెండేళ్లుగా వీధి గడప దాటలేదు. కాలిని బిగించి ఉంచితే వాపు పెరగదని డాక్టరుగారు మద్రాసు నుంచి రబ్బరు మేజోడు తెప్పించారు. మా ఎండలకు అది రెండు నెలల్లో పగిలిపోయింది. కాన్వెంటు సిస్టరు ఓడెక్కి సీమకు వెళ్లిపోతూ ఇచ్చిన మెత్తటి ఉన్నితో నేనొకటి అల్లాను. పొద్దున బిగువుగా ఉండి మధ్యాహ్నానికి జారిపోయేది. ఉన్నిని ఘాటైన కాస్టిక్ సోడా నీళ్లలో కొద్దిసేపు ముంచితే పోగు ముడుచుకుని, లాగితే సాగి, వదిలితే వెనక్కి వస్తుందని కాన్వెంటు రసాయనశాస్త్ర పుస్తకంలో చదివాను. అలాంటి పని చేతనైనవాళ్లు తివాచీలు నేసే ఏలూరులో ఉంటారని మామయ్య అన్నాడు.

మామయ్యా నేనూ రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల దగ్గర పదిగంటలకు ఏలూరు పడవ ఎక్కాం. మనిషికి ఆరణాలు. గట్టు మీద ఇద్దరు తాడు భుజాన వేసుకుని లాగుతారు కనుక తొందర పనికిరాదు. పడవ సరంగు నా ఒళ్లోని మేజోడు చూసి, ఏనుగుకు అల్లారా అని మామయ్యను అడిగాడు. నేను దాన్ని కొంగు కింద దాచుకున్నాను. మర్నాడు తెల్లవారాక ఏలూరు చేరాం.

ఉన్నికి రంగులు వేసే మస్తాన్ సాయిబుగారు ముసలాయన. నేను రాసుకెళ్లిన కొలతల ప్రకారం సోడా కలిపి, వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇంత ఘాటా అన్నారు. కాగితం చూపించాను. ముంచగానే మేజోడు ముడుచుకుపోయింది. కడిగి లాగితే జానెడు సాగి, వదలగానే వెనక్కి వచ్చింది. ఆయన ముచ్చటపడి మూడుసార్లు లాగి చూశారు. తర్వాత చింతపండు నీళ్ల తొట్టి చూపించారు.

"ఇందులో ఓ పూట నాననివ్వండి, అమ్మాయిగారూ. సోడా పోగు లోపల దాక్కుంటుందండి. పులుపు తగిలితే గాని చావదు."

పుస్తకంలో మంచినీళ్లతో కడగమనే ఉంది. తిరుగు పడవ పదకొండింటికి. ఎదురు చెప్పలేక, ఎందుకని అడగలేక, ఇంటి దగ్గర నానబెడతామని మామయ్యతో చెప్పించి, తడి మేజోడును అరిటాకులో చుట్టుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాం. మేజోడు సాగడం చూసిన అమ్మ ముఖం చూశాక, ఇంకో పూట ఆగమనలేకపోయాను. తొడిగాను. మోకాలిదాకా చక్కగా పట్టింది. అమ్మ గోడ పట్టుకోకుండా వసారా దాటి, వీధి గడప ముందు కాలెత్తింది. పిక్క దగ్గర పోగులు నానిన కాగితంలా విడిపోయాయి. చప్పుడు కూడా కాలేదు.

అమ్మ అక్కడే కూర్చుని ముక్కలు ఏరింది.

"నాలుగడుగులు బాగానే పట్టిందే," అంది.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఉన్ని సాగింది, నేను చూశాను. సాయిబుగారి ముందు కాగితం చాపడానికి పడని సిగ్గు, ఒక్క ప్రశ్న అడగడానికి పడ్డాను. అలాంటి ఉన్ని మళ్లీ దొరకలేదు. నాటు ఉన్ని అమ్మ చర్మాన్ని ఒరుస్తుంది. ఈ వానల్లో కాలు ఇంకా లావైంది. మీ ఇంట్లోనూ ఇలాంటి కాలుంటే, ఏలూరులో తిరుగు పడవ మర్నాటికి మాట్లాడుకోండి. రేవు పక్క సత్రంలో చోటు దొరుకుతుంది.