పాప గది

స్కూలు బస్సు డ్రైవరు ఈసారి వేసవి సెలవులన్నీ ఇంటికే రాసిచ్చేశాడు. రెండేళ్ల కూతురికి ఒక గది కావాలి, గోడకు బొమ్మల అరలు కావాలి, కిటికీ పక్కన ఉయ్యాల కావాలి. పొద్దున లేస్తే డ్రిల్లు, పొద్దు వాలేదాకా సుత్తి. ఆ మోతకు పిల్ల జడుసుకుంటోందని ఒక పాఠం కూడా నేర్పాడు. "నాన్న ఈ గదిలో కనబడితే చెవులు మూసుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాలి, సరేనా?"

పిల్ల వాకిట్లో టబ్బులో నీళ్లు చిమ్ముకుంటూ "నాన్నా, దా" అని పిలిచినప్పుడల్లా "ఈ ఒక్క మేకు కొట్టి వస్తా తల్లీ" అనేవాడు. ఆ ఒక్క మేకు ఎన్నటికీ తెమిలేది కాదు.

"దానితో కాసేపు ఆడుకోరాదూ? గది ఎక్కడికీ పారిపోదు" అని భార్య నెత్తీనోరూ బాదుకుంది.

"ఎవరికోసం చస్తున్నా? దానికోసమేగా!" అని కసిరాడు. మహాత్యాగి మరి!

సెలవుల ఆఖరి రోజు ఉయ్యాల కొక్కేనికి ఎక్కింది. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, గది మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాడు.

"రా బంగారూ, ఇక ఆడుకుందాం."

పిల్ల గుమ్మంలోనే ఆగి, ఆ ఖాళీ చేతులకేసి చూసింది. చెప్పిన మాట వినే పిల్ల కదా, రెండు చెవులూ గట్టిగా మూసుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తింది.