వన్ బై టూ

ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు లారీకెక్కించే లాల్ అహమ్మద్, దావీదురాజు ఇరవై ఆరేళ్లుగా జత. ఒకే మూటకు చెరో కొస పట్టేవాళ్లు. టీ కూడా ఎప్పుడూ వన్ బై టూనే. చివరికి దగ్గు కూడా ఇద్దరికీ పట్టుకుంది. దుమ్ము దగ్గర ఎవరూ వాటా అడగక్కర్లేదు.

కడపలో ఒక ఆసుపత్రివాళ్లు ఊపిరితిత్తులకు కొత్త మందు పరీక్షిస్తున్నారంటే ఇద్దరూ వెళ్లారు. షుగరుందని దావీదురాజును వద్దన్నారు. లాల్ అహమ్మద్‌ను చేర్చుకుని, పొద్దునొకటి, రాత్రొకటి మింగమని మాత్రలిచ్చి, నెలనెలా ఖాళీ అట్టలు తెచ్చి చూపించమన్నారు.

లాల్ అహమ్మద్ పోయాక, భార్య షంషాద్ బీ, భర్త పోయిన ఆడది పాటించే ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులూ ఇల్లు కదల్లేదు. అది తీరగానే ఆఖరి అట్టలు పట్టుకుని కడప వెళ్లింది. వివరాలు రాసుకునే అమ్మాయి వాటిని చూసి నిట్టూర్చింది.

"ఒక్క మాత్ర కూడా ఇడిసిపెట్టలేదమ్మా ఆయన. మందే పని చేయలేదని రాస్తాండా."

షంషాద్ బీ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"అట్ల రాయొద్దు తల్లీ. మందు తప్పు కాదు. పొద్దుటిది తాను మింగి, రాత్రిది దావీదన్నకు ఇస్తాండె. ఈ మాట నేనే దాచిపెట్టినా."

"ఆ దావీదన్న యాడుండాడమ్మా?"

"ఆయన ముందే పోయినాడు. అప్పుడన్నా రెండూ నువ్వే మింగయ్యా అని కాళ్లు పట్టుకున్యా."

షంషాద్ బీ సంచిలోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. తెల్లటి మాత్రలు జలజలా రాలాయి.

"వాని వాటా నేనెట్ల మింగేది అన్న్యాడు."