చింతపిక్క పదో మెట్టు మీద

విజయవాడలో పొద్దున ఆరున్నరకి రావలసిన రైలు ఎనిమిదికి వచ్చింది. రైళ్ల ఆలస్యం మీద విసుక్కోవడం నేనెప్పుడో మానేశాను. ఆ రోజు మాత్రం ప్లాట్‌ఫారం మీద కనబడిన ప్రతి రైల్వే ఉద్యోగితోనూ తగువు పెట్టుకున్నాను. అసలు ఈ ప్రయాణమే నాకు ఇష్టం లేదు. ఎనభైల మొదట్లో సంగతి ఇది. జనం మనసులు ఎలా ఉన్నాయో కొలిచి రమ్మని ఊరూరా మనుషుల్ని పంపే సంస్థలో నాది తాత్కాలికపు కొలువు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఆడమనిషే వెళ్లాలని విశాఖపట్నం నా నెత్తిన వేశారు.

కొలవాల్సినవి రెండు చోట్లు. స్టీలు ప్లాంటుకి భూములు పోయిన రైతులు చేరిన గాజువాక వైపు కాలనీ ఒకటి. సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేట రెండోది. ఎక్కడ మనసులు ఎక్కువ కుంగి ఉన్నాయని తేలితే అక్కడికి వారానికోసారి మానసిక వైద్యుడు వస్తాడు. ఉన్నది ఒక్క డాక్టరే. ఈ మాట ముందుగా బయటపెట్టవద్దని మా డైరెక్టరుగారి ఆజ్ఞ. తెలిస్తే అందరూ ఏడుపు మొహాలు పెడతారట.

కొలబద్ద ఏమిటంటే, అట్ట మీద గీసిన పది మెట్ల నిచ్చెన. అడుగు మెట్టు అంటే బతుకు ఇంతకంటే చెడదు. పై మెట్టు అంటే ఇంతకంటే బాగుపడదు. మనిషి చేతిలో ఒక చింతపిక్క పెట్టి, మీరు ఏ మెట్టు మీద ఉన్నారో అక్కడ పెట్టండి అనాలి. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు.

తుని దాటాక ఎదురు సీటులోని పెద్దమనిషి నా సంచిలో చింతపిక్కలు చూసి, "వామనగుంటలు ఆడతారామ్మా?" అని అడిగారు. విషయం చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"మా ఆవిడ ముప్పయ్యేళ్లుగా నా మనసు కొలుస్తూనే ఉంది. ఇప్పటికీ లెక్క కుదరలేదు."

నేనూ నవ్వాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను నవ్వింది అప్పుడే.

సాయంత్రం నాలుగు దాటాక వాల్తేరులో, అప్పట్లో విశాఖ స్టేషన్ పేరు అదే, దిగాను. పూర్ణా మార్కెట్ దగ్గర లాడ్జిలో గది దొరికింది. వెళ్లేవాళ్లకి ఒక మాట, ఆ చుట్టుపక్కల లాడ్జిల్లో నీళ్లు ఉప్పన, తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి. కిటికీ తెరిచి పడుకుంటే తెల్లారేసరికి గట్టు మీద ఎర్రటి ధూళి పేరుకుంటుంది. పోర్టులో ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం ధూళి అది. భోజనం హోటల్లో చేపల పులుసు మాత్రం దివ్యంగా ఉంది.

మర్నాడు ఏడింటికి గాజువాక బస్సెక్కాను. కాలనీలో ఇళ్లన్నీ ఒకే కొలతన ఉన్నాయి, నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు. మగవాళ్లంతా ఆటోనగర్ షెడ్ల ఎదురుగా టీ బడ్డీ దగ్గర చేరి, లోపల ఇనుము కోస్తున్న కుర్రాళ్లను చూస్తూ కూర్చున్నారు. అప్పలనాయుడు అనే యాభయ్యేళ్ల రైతు నా చేతిలోంచి చింతపిక్క తీసుకుని, అట్టని అటూ ఇటూ తిప్పి చూసి, పిక్కని అట్ట మీద కాక కింద బల్ల మీద పెట్టాడు.

"నిచ్చెనలో పెట్టాలండీ," అన్నాను.

"నిచ్చెన కింద మెట్టు నేదు కదా తల్లీ! జీడితోట ఉండీది నాకు. డబ్బులిచ్చీసినారు, అయిపోనాయి. ఇప్పుడు పొద్దున్నే లేత్తన్నాను, ఇక్కడ కూకుంతన్నాను, సీకటడితే ఎల్లి తొంగుంతన్నాను. దీన్నేటంతారు?"

పక్కనున్నాయన అందుకున్నాడు. "రాసుకోండమ్మా, ఉన్నదున్నట్టు రాసుకోండి. ఏడవడానికి మాకు మొగమాటమేటి?"

ఆ కాలనీలో చాలామంది పిక్కలు అడుగు మెట్ల మీదే పడ్డాయి. 

మూడోరోజు జాలరిపేటకి వెళ్లాను. బస్సు దిగి ఇసుకలో కొంత దూరం నడవాలి. చెప్పులు చేత పట్టుకోవాల్సిందే. ఎండు చేపలు ఆరబోస్తున్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని అట్ట బయటికి తీశాను. మొదటామె పిక్కని పదో మెట్టు మీద పెట్టింది. రెండో ఆమె ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న పిల్ల ఉంది, ఆమె కూడా పదో మెట్టే. గాలివానకి ఇంటి కప్పు పోయి పైన తాటాకులు పరుచుకున్నామె, మొగుడు తాగి కొడితే కమిలిన బుగ్గతో ఒకామె, అందరూ పదే.

"బాగున్నామండి. మాకేటి?" అందరిదీ అదే మాట.

నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని మండిపోయాను. అట్టలు సంచిలో కుక్కుతుంటే పోలమ్మ అనే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఊళ్లో చేపలమ్ముకునే మనిషి, ముప్పయ్యేళ్లుంటాయేమో.

"అమ్మగోరూ, మా అప్పని ఒక్కపాలి సూడండి," అంటూ తన అక్క నూకాలు గుడిసెకి తీసుకెళ్లింది.

నూకాలు మర్యాదగా చాప వేసింది. చేతుల నిండా గాజులు, నుదుట రూపాయంత బొట్టు. మెడ కింద ఎముకలు మాత్రం లెక్కపెట్టేలా ఉన్నాయి. మూల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

కిందటేడు దీపావళికి ముందు ఆమె భర్త చిన్న తెప్ప మీద వేటకెళ్లాడు. తోడు వెళ్లాల్సినవాడికి జ్వరం వస్తే ఒంటరిగా వెళ్లాడు. గాలి లేచింది. తెప్ప తిరిగి రాలేదు. అప్పట్నుంచీ నూకాలు రోజూ ఇద్దరికి వండుతుంది. మొగుడు తినందే పెళ్లాం తినకూడదు కాబట్టి తాను ముట్టదు. పోలమ్మ బతిమాలి పోసే గంజి మీద ప్రాణం నిలిచి ఉంది.

నేను చింతపిక్క ఇచ్చాను. ఆమె తడుముకోకుండా పదో మెట్టు మీద పెట్టింది.

"బాగున్నానమ్మా. ఆడొచ్చేత్తాడు. అన్నం సల్లారిపోతన్నాది, అంతే."

బయటికి రాగానే పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సచ్చిపోతాది అమ్మగోరూ. మందేదైనా ఉంటే ఇప్పించండి."

డైరెక్టరుగారి ఆజ్ఞ గంగలో కలిసింది. డాక్టరు సంగతి మొత్తం చెప్పేశాను. మీ పేట అడుగున ఉందని తేలితేనే ఆయన ఇక్కడికి వస్తాడు, ఉన్న కష్టం ఉన్నట్టు చెప్పమనండి అన్నాను. పోలమ్మ పరుగున వెళ్లి ఆడవాళ్లందరినీ పోగేసింది. వాళ్లలో పెద్దామె, వయసు డెబ్భై పైమాటే, నా మాట చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"తెప్ప నీటిమీదున్నాది. నీటిమీద తెప్ప ఉన్నంతకాలం ఒడ్డునున్నోళ్లం సెడ్డమాట అనకూడదు. అన్నావంటే మన నోటితో మనమే ఆణ్ణి ముంచీసినట్టు."

"ఆ తెప్ప వెళ్లి ఏడాది కావస్తోంది కదమ్మా?"

"ఆడి పెళ్లాం గాజులు తీసేదాకా నీటిమీదున్నట్టే."

గాజులు తీయమని నూకాలుకి చెప్పే నోరు ఎవరికుంది? అంతమంది అన్ని నెలలుగా తమ ఏడుపులన్నీ మింగి కూర్చున్నారు. గుడిసెలో ఆ మనిషి చిక్కి సగమవుతోంది. 

"పోనీ పోలమ్మా, నువ్వొక్కదానివైనా పెట్టు," అని అట్ట ఆమె ముందు పరిచాను.

ఆమె పిక్కని గుప్పిట్లో బిగించింది. అడుగు మెట్టు దాకా చెయ్యి దించింది. వేళ్లు విడలేదు. సముద్రం వైపు చూసింది. చివరికి పిక్కని తీసుకెళ్లి పదో మెట్టు మీద పెట్టింది.

"ఎలా పెడతానమ్మగోరూ? ఆడు మా బావ."

మర్నాడు పది గంటల బండికి తిరుగు ప్రయాణం. అనకాపల్లిలో బెల్లం కొనుక్కోమని ఇంట్లో చెప్పారు గానీ దిగబుద్ధి కాలేదు. ఒళ్లో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. ఈ లెక్క ప్రకారం మా సంస్థ కొలిచిన ఊళ్లన్నిట్లో ఆ జాలరిపేటే ఆనందంగా ఉంది. జరిగిందంతా చివర రాయవచ్చు. రాశాను కూడా. కానీ లోగడ ఇలా రాసిన వాటిని డైరెక్టరుగారు కథలని కొట్టేశారు. పోనీ, నేనే కాసిని పిక్కల్ని కిందికి దింపి రాస్తే? పెన్ను తీశాను. బల్ల మీద పిక్క పెట్టిన అప్పలనాయుడు కళ్లముందుకొచ్చాడు. నూకాలుకి డాక్టరుని ఇవ్వాలంటే ఆయన దగ్గర లాక్కోవాలి. పెన్ను మూసేశాను. మనుషుల బాధ కొలవడానికి బయల్దేరినవాళ్లు ముందు కనీసం ఇద్దరు డాక్టర్లను తెచ్చుకోవాలి. నాకు ఈ ప్రయాణంలో తెలిసిందల్లా అంతే.

తునిలో ఒక నడివయసు ఆమె ఎక్కి పక్కన కూర్చుంది. పుట్టిల్లు వైజాగట. కబుర్లలో నేను జాలరిపేటకి వెళ్లొచ్చానని తెలిసి మొహం విప్పారింది. చిన్నప్పుడు వాళ్లింటికి చేపలు తెచ్చే మనిషిది ఆ పేటేనట.

"ఎలా ఉన్నారండీ వాళ్లంతా?" అని అడిగింది.

చెప్పాలనే నోరు తెరిచాను. నూకాలు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది.

"బాగున్నారండీ," అన్నాను. "అంతా బాగున్నారు."